కుక్కా? పిల్లా? ముందు ఇంటి గడియారం చూడండి

వేసవి సెలవులు మొదలైన వారానికల్లా చాలా ఇళ్లలో ఓ పంచాయితీ మొదలవుతుంది. పదో తరగతి పరీక్షలు రాసొచ్చిన అబ్బాయికి కుక్కపిల్ల కావాలి. అదీ మామూలుది కాదు, ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన నీలికళ్ల హస్కీ. చెల్లెలికి పిల్లికూన కావాలి. ‘పిల్లి ఎదురొస్తే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి బయల్దేరే కొంపలో పిల్లిని పెంచుతారుట్రా?’ అని నాయనమ్మ. ‘ఏది తెచ్చినా ఊడ్చేది నేనేగా’ అని అమ్మ. ‘ముందు మార్కులు రానీ, చూద్దాం’ అని నాన్న తప్పించుకుంటాడు. మార్కులు వస్తాయి. ఇంటికి ఏదో ఒకటి వస్తుంది.

ఈ వాదన ఎక్కడ జరిగినా తూచేది జంతువు గుణాన్నే. కుక్కకు విశ్వాసం ఎక్కువ, పిల్లికి స్వార్థం ఎక్కువ. కుక్క యజమానిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. తరతరాలుగా ఇదే లెక్క. తప్పని అనను గానీ, ఇవాళ్టి ఇంట్లో ఏది పెరగగలదో తేల్చడానికి ఈ లెక్క పనికిరాదు. పొద్దున తొమ్మిదికి తాళం వేసి రాత్రి ఎనిమిదికి తీసే ఫ్లాటుకీ, పెరడూ అరుగూ ఉండి పగలంతా ఎవరో ఒకరు మసిలే ఇంటికీ ఒకే జవాబు ఎలా కుదురుతుంది? అసలు అడగాల్సింది కుక్క ఎలాంటిది, పిల్లి ఎలాంటిది అని కాదు. మన రోజు ఎలా గడుస్తోంది అని.

ఒకటి వేటతో వచ్చింది, ఇంకొకటి గింజలతో

మనిషికి ముందు దొరికిన తోడు కుక్క. కనీసం 15 వేల ఏళ్ల కిందట, సేద్యం ఇంకా పుట్టని రోజుల్లోనే, తోడేళ్ల సంతతి మనుషుల గుంపుల్లో కలిసిపోయింది. జర్మనీలో బాన్ నగరానికి చెందిన ఓబర్‌కాసెల్ దగ్గర 1914లో ఓ సమాధి బయటపడింది. ఒక ఆడమనిషి, ఒక మగమనిషి, వాళ్లతో పాటు ఓ కుక్కపిల్ల. దాదాపు 14 వేల ఏళ్లనాటి సమాధి అది. ఆ కూన పళ్లను తిరిగి పరీక్షించిన శాస్త్రవేత్తలు 2018లో ఇంకో సంగతి చెప్పారు. దానికి డిస్టెంపర్ జబ్బు చేసిందట. ఎవరో దగ్గరుండి శుభ్రం చేసి, తాగించి, తినిపించి ఉండకపోతే అన్ని వారాలు బతికేది కాదట. వేటకు పనికిరాని జబ్బు కూనను ఊరికే మేపారన్నమాట! ఇవాళ మనం కుక్కపిల్లకు వేయించే మొదటి టీకాల్లో ఒకటి ఆ డిస్టెంపర్‌దే. మన దేశంలోనూ కశ్మీర్‌లోని బూర్జహోం నవీన శిలాయుగపు సమాధుల్లో మనుషుల పక్కన కుక్కల ఎముకలు దొరికాయి.

పిల్లిని ఎవరూ పిలవలేదు. పశ్చిమాసియాలో మనిషి గింజలు పండించి దాచుకోవడం మొదలుపెట్టాక గాదె కోసం ఎలుక వచ్చింది, ఎలుక కోసం అడవిపిల్లి వచ్చింది. సైప్రస్ దీవిలో మనిషి సమాధికి అడుగున్నర దూరంలో పూడ్చిన పిల్లి ఒకటి దొరికింది. అది 9,500 ఏళ్ల కిందటిది. ఆ దీవిలో పిల్లి జాతే లేదు కాబట్టి ఎవరో పడవలో వెంట తెచ్చుకుని ఉండాలి.

తేడా అంతా ఇక్కడే పుట్టింది. కుక్కను మనిషి వేల ఏళ్లుగా పనికి తగ్గట్టు మలుచుకుంటూ వచ్చాడు: పరుగుకు ఒకటి, కాపలాకు ఒకటి, మంద తోలడానికి ఒకటి. పిల్లిని మలచాల్సిన పనిలేకపోయింది. అది చేసే పని దానికి పుట్టుకతోనే వచ్చు. అందుకే కుక్క మన ముఖం చూస్తూ బతుకుతుంది, పిల్లి తన పని చూసుకుంటూ మన మధ్య బతుకుతుంది.

మన పల్లెటూళ్లలోనూ ఇదే ఏర్పాటు. కుక్క వాకిట్లో, కళ్లంలో, గొర్రెల మంద పక్కన. పిల్లి వంటింటి గట్టు మీద, వడ్ల బస్తాల మధ్య, కిరాణా కొట్లో బియ్యం మూటల మీద. చద్దన్నం కుక్కకు, ఒలికిన పాలు పిల్లికి. పిల్లి నుంచి పాలూ పెరుగూ కాపాడుకోడానికి ఉట్టి కట్టారు. పిల్లి శాపాలకు ఆ ఉట్లు తెగవని సామెతా కట్టారు. దేన్నీ ఎవరూ ‘పెంపుడు జంతువు’ అనుకోలేదు. ఎవరి పని వాళ్లది, ఎవరి జీతం వాళ్లది.

కథల్లో మాత్రం కుక్కదే పైచేయి. మహాభారతం మొదట్లోనే జనమేజయుడి తమ్ముళ్లు సరమ కొడుకును అన్యాయంగా కొడితే ఆ తల్లి కుక్క వచ్చి రాజును నిలదీస్తుంది. చివర్లో ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి రానంటాడు. పిల్లికి దక్కింది దొంగ సన్యాసి వేషం. మహాబలిపురం బండ మీద అర్జునుడి తపస్సు శిల్పంలో, చుట్టూ ఎలుకలు మూగుతుంటే, ముందుకాళ్లు పైకెత్తి తపస్సు నటిస్తూ పిల్లి ఇప్పటికీ నిలబడే ఉంది. తెనాలి రామకృష్ణుడి కథలో పిల్లయితే మరీ పాపం. రాయలవారు ఎలుకల బెడద తీర్చమని పంచిపెట్టిన పిల్లికి అతగాడు మరిగే పాలు పెట్టి మూతి కాల్చి, పాలంటేనే పారిపోయేలా చేస్తాడు. తరాలుగా మనం ఆ కథకు నవ్వుతూనే ఉన్నాం. పిల్లి పక్షాన మాట్లాడినవాళ్లు లేరు.

పిల్లికి ప్రేమ లేదా?

కుక్క ప్రేమకు సాక్ష్యాలు అక్కర్లేదు. అయినా శాస్త్రం చూపించింది. కుక్కా దాని మనిషీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందని జపాన్ పరిశోధకులు 2015లో ప్రచురించారు. తల్లీబిడ్డల బంధంలో పనిచేసే హార్మోనే అది.

పిల్లి గురించిన సంగతులే చాలామందికి కొత్త. అమెరికాలోని ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో పిల్లికూనల్ని కొత్త గదిలో యజమానితో కాసేపు, ఒంటరిగా కాసేపు ఉంచి చూశారు. యజమాని తిరిగి రాగానే నెమ్మదించి, ధైర్యంగా మళ్లీ ఆటలో పడినవి దాదాపు 64 శాతం. పసిపిల్లల మీద ఇలాంటి పరీక్షే చేస్తే వచ్చే లెక్కా ఇంచుమించు ఇంతే. ఈ ఫలితం 2019లో వచ్చింది. అదే ఏడాది జపాన్‌లో ఇంకో బృందం, పిల్లులు తమ పేరును ఇతర మాటల నుంచి వేరుచేసి గుర్తుపడతాయని తేల్చింది. పిలిస్తే రాదు కాబట్టి దానికి పేరు తెలియదని మనం అనుకున్నాం. తెలుసు. రావాలా వద్దా అన్నది దాని ఇష్టం.

ఇంకో ముచ్చట. పెద్దయిన పిల్లులు తమలో తాము ‘మ్యావ్’ అనుకోవడం చాలా తక్కువ. ఆ పిలుపు ఎక్కువగా మనిషి కోసమే. సాయంత్రం తలుపు తీయగానే తోక నిటారుగా లేపి, కాళ్లకు ఒళ్లు రాసుకుంటూ వచ్చే పిల్లిని స్వార్థపరురాలు అనేవాళ్లు ఒక్కసారి ఆ తోక చూడాలి. పిల్లి భాషలో అది స్వాగతం.

ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. కుక్క ఇచ్చినంత ధారాళంగా పిల్లి ఇవ్వదు. ఇంటికొచ్చిన చుట్టాలందరి మీదా దూకి ముద్దులాడే జంతువే కావాలనుకునేవాళ్లను పిల్లి నిరాశపరుస్తుంది.

పగలంతా తాళం

హైదరాబాద్‌లో నల్లగండ్లో, మియాపూరో, విశాఖలో మధురవాడో అనుకోండి. తొమ్మిదో అంతస్తు. ఇద్దరూ ఉద్యోగులు. పిల్లాడికి బడి, బడి తర్వాత ట్యూషన్. ఇంట్లో ఓ లాబ్రడార్. పొద్దున ఆరున్నరకు నాన్న నిద్రకళ్లతో పావుగంట కిందికి తీసుకెళ్తాడు. తర్వాత పదిగంటలు అది ఒంటరి. మొదటి నెల చెప్పులు కొరికింది, రెండో నెల సోఫా. మూడో నెల నుంచి ఏడుపు. పక్క ఫ్లాటువాళ్లు అసోసియేషన్ గ్రూపులో మెసేజీ పెడతారు. లిఫ్టులో ఎక్కనివ్వాలా వద్దా అని గొడవ. ఫ్లాట్ల సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించలేవని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం ఆ కుటుంబం పక్షానే ఉంది. ఆ కుక్క పక్షాన మాత్రం ఎవరూ లేరు.

కుక్క మందలో బతికే ప్రాణి. దానికి మన కుటుంబమే మంద. రోజూ పగలంతా మంద మాయమైపోతే అది కంగారు పడుతుంది. దాన్ని మనం అల్లరి అంటాం, మొండితనం అంటాం, ‘ట్రైనర్‌ని పెట్టండి’ అంటాం. ట్రైనర్ కూర్చోమంటే కూర్చోవడం నేర్పగలడు, ఇంట్లో మనిషిని పుట్టించలేడు.

పిల్లి అలా కాదు. అడవిలో దాని తాతలు ఒంటరిగా తిరిగి, ఒంటరిగా వేటాడి బతికారు. రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోతుంది. కాస్త చురుకయ్యేది తెల్లవారుజామున, సాయంత్రం. సరిగ్గా మనం ఇంట్లో ఉండే వేళలు. మలవిసర్జనకు ఇసుక లాంటి లిట్టర్ పోసిన ట్రే చూపిస్తే చాలు, పూడ్చుకోవడం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్లాలన్నా ఎదురింటివాళ్లకు తాళంచెవి ఇచ్చి, పూటకోసారి తిండీ నీళ్లూ చూడమని చెబితే రెండ్రోజులు గడిచిపోతాయి. కుక్కతో ఈ వీలు లేదు. రైల్లో తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదంటే అది గార్డు పెట్టెలో ప్రయాణించాలి. పండక్కి బోర్డింగ్‌లో చోటు దొరకడమూ కష్టమే.

అలాగని పిల్లిని తెచ్చి గదిలో పడేయమని కాదు. బాల్కనీకి వల తప్పనిసరి. పావురాల కోసం కట్టించే నైలాను వలే చాలామంది ఇళ్లలో పిల్లినీ కాపాడుతోంది. అయితే పిల్లి దాన్ని కొరికి చిల్లులు పెట్టగలదు కాబట్టి అప్పుడప్పుడూ చూసుకోవాలి. ఎంత ఎత్తు నుంచి పడ్డా పిల్లి కాళ్ల మీదే వాలుతుందన్న ధీమాతో కిటికీలు తెరిచిపెట్టేవాళ్లున్నారు. కాళ్ల మీద వాలినా కాళ్లూ దవడా విరుగుతాయి. పగలు ఇంట్లో ఎవరూ లేకపోతే ఒకే తల్లి కూనలు రెండింటిని కలిపి తెచ్చుకోవడం మేలు. ఒకదానికొకటి కాలక్షేపం.

కుక్కే కావాల్సిన ఇళ్లూ ఉన్నాయి. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్థిరపడ్డాక విజయవాడలో, వరంగల్‌లో మిగిలిపోయిన తల్లిదండ్రుల ఇళ్లు అందులో మొదటివి. స్వీడన్‌లో 34 లక్షల మంది వివరాలను పన్నెండేళ్ల పాటు గమనించి 2017లో ఓ అధ్యయనం వెలువరించారు. ఒంటరిగా ఉండేవాళ్లలో, కుక్కను పెంచుకున్నవారికి మరణించే ముప్పు పెంచుకోనివారి కన్నా 33 శాతం తక్కువగా కనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కుక్కను తెచ్చుకోవడం కూడా ఇందుకు కారణం కావచ్చు. అయినా పొద్దున్నే గొలుసు పట్టుకుని వీధిలోకి వెళ్లిన మనిషి నాలుగు అడుగులు వేస్తాడు, నలుగురితో మాట్లాడతాడు. రిటైరైన మాస్టారుకు అంతకన్నా మంచి మందు ఏ డాక్టరూ రాయడు. ఒక్క జాగ్రత్త. అమెరికా నుంచి కొడుకు ముచ్చటపడి ముప్పై కేజీల దాకా పెరిగే లాబ్రడార్ పిల్లను కానుకగా పంపించకూడదు. అది ఒక్క గుంజు గుంజితే అరవై ఎనిమిదేళ్ల తండ్రి తుంటి ఎముక విరుగుతుంది.

హస్కీకి ఏసీ, మన కుక్కకు చెట్టు నీడ

2003లో హచ్ ఫోన్ కంపెనీ ప్రకటనలో చిన్న పిల్లాడి వెంట తిరిగిన పగ్ గుర్తుందా? ఆ తర్వాత ఊరూరా పగ్‌లు వెలిశాయి. ముద్దొచ్చే ఆ చప్పిడి ముక్కే దానికి శాపం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే దాని కూలర్. ముక్కు చదునై, గాలి గొట్టం ఇరుకైన జాతికి రొప్పడమే కష్టం. రామగుండంలోనో, రెంటచింతలలోనో 45 డిగ్రీల మేలో దాని సంగతి ఊహించండి. సైబీరియా మంచులో బళ్లు లాగడానికి పుట్టిన హస్కీ సంగతి చెప్పనే అక్కర్లేదు. పగలంతా ఏసీలో పెడుతున్నాం అని గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. కరెంటు బిల్లు సంగతి అలా ఉంచండి, పరిగెత్తడానికే పుట్టిన జంతువును ఏడాదిలో సగం రోజులు గదిలో బంధించామని దాని అర్థం.

మనకు కుక్కలు లేకనా? కొల్లేరు చుట్టుపక్కలా, కృష్ణా గోదావరి డెల్టాలోనూ జోనంగి అని ఓ జాతి ఉంది. నున్నటి పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, చురుకైన ఒళ్లు. బాతుల మందల్ని తోలడానికీ వేటకూ వాడేవారు. మామూలు కుక్కలా ఊరికే మొరగదు, ఓ రకమైన కూత పెడుతుంది. ఇప్పుడు వాటి సంఖ్య బాగా తగ్గిపోయింది. కర్నూలు జిల్లా పత్తికొండ మండలంలోని పందికోన ఊరి పేరుతోనే అక్కడి కుక్కలు ప్రసిద్ధి. కాపలాకు వాటిని మించినవి లేవని చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చి కూనల్ని పట్టుకెళ్తారు. పొరుగున తమిళనాడు రాజపాళయం, చిప్పిపారై, కర్ణాటక ముధోల్ జాతులకు 2020లో జాతీయ స్థాయిలో గుర్తింపు నమోదు దక్కింది. మనవాటికీ ఆ శ్రద్ధ అవసరం.

ఇవీ పరుగుకూ పొలానికీ పుట్టినవే. రెండు గదుల ఫ్లాటుకు సరిపడవు. మరి ఫ్లాటువాళ్లకు? మన వీధికుక్క పిల్ల ఉంది. వేల ఏళ్లుగా ఈ ఎండకు, ఈ వానకు, ఈ అన్నానికి అలవాటుపడి నెగ్గుకొచ్చిన ఒళ్లు అది. మధ్యస్థమైన బరువు. ఒకే జాతిలో జత కట్టించడం వల్ల వచ్చే తుంటి జబ్బులు, శ్వాస జబ్బులు తక్కువ. డబ్బిచ్చి కొనక్కర్లేదు. హైదరాబాద్ బ్లూ క్రాస్, విశాఖలోని వీఎస్‌పీసీఏ లాంటి సంస్థలు దత్తత ఇస్తాయి. పిల్లుల్లోనూ ఇంతే. బూరెబుగ్గల పర్షియన్ పిల్లి చూడ్డానికి దొరసానిలా ఉంటుంది. రోజూ దువ్వకపోతే బొచ్చు జడలు కడుతుంది, కళ్లు కారుతూనే ఉంటాయి, మూత్రపిండాల్లో తిత్తులు ఏర్పడే వంశపారంపర్య జబ్బు ఆ జాతిలో ఎక్కువ. గోడ దిగి వచ్చే చారల పిల్లికి ఈ బాధలేవీ లేవు. పాతబస్తీ ఇళ్లలో ఎన్నో తరాలుగా పిల్లి మనిషితో సమానంగా చాప మీద కూర్చుంటోంది. ఇస్లాం సంప్రదాయంలో పిల్లి శుభ్రమైన జంతువు. పిల్లిని ఎలా పెంచాలో తెలుసుకోవాలంటే యూట్యూబ్ కన్నా ఆ ఇళ్లలో పెద్దవాళ్లను అడగడం మంచిది.

కాటు

కుక్కల గురించి రాస్తూ దీన్ని దాటవేయడం కుదరదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ఆ సీసీ కెమెరా దృశ్యం చూసిన ఏ తల్లికీ నిద్ర పట్టలేదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు. ప్రపంచంలో రేబిస్ మరణాల్లో 36 శాతం మన దేశంలోనివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నింటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజులకే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించి, స్టెరిలైజేషన్ చేసి టీకా వేసి తిరిగి వదలమంది, రేబిస్ సోకినవీ మీదపడి కరిచేవీ తప్ప. జంతుప్రేమికులు, బాధితులు ఇంకా వాదులాడుకుంటూనే ఉన్నారు. నా మటుకు నాకు ఒకటి అర్థమైంది. వీధికుక్కల్లో ఒక వంతు ఒకప్పుడు ఎవరో ముచ్చటపడి తెచ్చుకుని వదిలేసినవీ, వాటి సంతానమూ. ఆపరేషన్ చేయించని పెంపుడు కుక్క వీధి జనాభాకు మనవంతు చందా.

పాతతరానికి కుక్కకాటు అంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ టీకాను 2004 చివర్లో దేశమంతా ఆపేశారు. ఇప్పుడు చేతికే, చర్మంలోకి వేసే పద్ధతిలో నాలుగు రోజులు: మొదటి రోజు, ఆపై 3, 7, 28వ రోజు. కండరానికి వేస్తే 14వ రోజు కూడా కలిపి అయిదు. నెత్తురు వచ్చేలా కరిస్తే టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. అన్నిటికన్నా ముందు పావుగంట సేపు ధారగా పడే నీటి కింద సబ్బుతో కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. మనుషులకు వాడే అభయ్‌రాబ్, జంతువులకు వాడే రక్షారాబ్ టీకాలు రెండూ మన హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ తయారుచేసేవే. టీకా మన ఊళ్లోనే పుడుతుంటే రేబిస్‌తో చనిపోవడం కన్నా ఘోరం ఉండదు. జబ్బు లక్షణాలు బయటపడ్డాక దాదాపుగా ఎవరూ బతకరు.

పిల్లి గీకితే ‘పిల్లే కదా’ అని ఊరుకుంటారు చాలామంది. పిల్లికీ రేబిస్ వస్తుంది, పిల్లి కాటు నుంచీ మనిషికి వస్తుంది. ఇంట్లో పెరిగే పిల్లికి కూడా మూడు నెలలు నిండగానే ఆ టీకా వేయించాలి.

పెరుగన్నం తినే పిల్లి

ఎవరైనా ‘మా ఇంట్లో పిల్లి పెరుగన్నం తప్ప ముట్టదండీ’ అంటే నేను సంతోషించలేను. కుక్క విషయం వేరు. తోడేలుతో పోలిస్తే కుక్కలో పిండి పదార్థాన్ని అరిగించుకునే జన్యువు ఎన్నో రెట్లు ఎక్కువ నకళ్లుగా ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2013లో కనిపెట్టారు. మనతో పాటు అన్నం తింటూ తింటూ దాని పొట్టే మారింది. అన్నంలో గుడ్డో, ఉడికించిన మాంసమో కలిపి పెడితే హాయిగా బతుకుతుంది. పిల్లి పొట్ట మాత్రం ఇంకా అడవిలోనే ఉంది. మాంసంలో దొరికే టారిన్ అనే పదార్థం లేకపోతే దాని చూపు పోతుంది, గుండె కండరం పల్చబడుతుంది. పెద్దయ్యాక చాలా పిల్లులకు పాలు అరగవు కూడా. బొమ్మల పుస్తకాల్లో పాలగిన్నె ముందు కూర్చున్న పిల్లి అందంగా ఉంటుంది, అంతే. మాంసం, చేప, గుడ్డు గడప దాటనివ్వని ఇళ్లు పిల్లి జోలికి పోకపోవడమే దానికి చేసే మేలు. టారిన్ కలిపిన పిల్లి తిండి ప్యాకెట్లు దొరుకుతాయి గానీ, వాటిలోనూ మాంసమే ఉంటుంది.

చాలామందికి తెలియని ప్రమాదం ఒకటుంది. జ్వరం వచ్చిందని పిల్లికి పారాసెటమాల్ వేస్తే చచ్చిపోతుంది. ఒక్క మాత్ర చాలు. కుక్క ఒంటి మీది పిడుదులకు వాడే పర్మెత్రిన్ మందు పిల్లికి పూసినా అంతే. ఉల్లి, వెల్లుల్లి రెండింటికీ విషం, అందులోనూ పిల్లికి మరీ. మనం తినగా మిగిలిన కోడికూర పులుసులో ఆ రెండూ ఉంటాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కకు పడవు. ఇంట్లో గర్భిణి ఉందని పిల్లిని వీధిలో వదిలేసేవాళ్లుంటారు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి భయం అది. దాని గుడ్లు జబ్బు అంటించే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. లిట్టర్ ట్రే రోజూ శుభ్రం చేస్తే, ఆ పని ఇంకొకరు చేస్తే, పిల్లిని గెంటేయాల్సిన అవసరం రాదు. ఆస్తమా ఉన్న పిల్లలున్న ఇంట్లో మాత్రం తొందరపడకండి. కుక్క కన్నా పిల్లి అలర్జీ ఎక్కువ మందికి వస్తుంది. పెంచుకుంటున్నవాళ్ల ఇంట్లో పిల్లవాడిని నాలుగైదుసార్లు కాసేపు గడపనిచ్చి చూశాకే నిర్ణయించుకోండి.

వీసా వచ్చింది, టామీ ఏం చేయాలి?

లాక్‌డౌన్‌లో ఇంటినుంచి పని చేస్తూ తెచ్చుకున్న కుక్కపిల్లలు, ఆఫీసులు తెరవగానే బరువయ్యాయి. బదిలీ వచ్చింది, పెళ్లి కుదిరింది, బిడ్డ పుట్టింది, వీసా వచ్చింది. ప్రతి కారణమూ నిజమే. కానీ కుక్క పది పన్నెండేళ్లు, ఇంట్లోనే ఉండే పిల్లి పదిహేనేళ్ల దాకా బతుకుతుందన్నది తెచ్చే రోజునా నిజమే. వెంట తీసుకెళ్దామంటే, 2024 ఆగస్టు నుంచి అమెరికాలో అడుగుపెట్టే కుక్కకు ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. మన దేశం రేబిస్ ముప్పు ఎక్కువున్న జాబితాలో ఉంది కాబట్టి టీకా కాగితాల తతంగం ఇంకా ఎక్కువ. పిల్లికి అక్కడ అంత పట్టింపు లేదు. ఎంఎస్‌కి వెళ్లే ఆలోచన ఉన్న కుర్రాళ్లు కుక్క జోలికి పోవద్దు.

కొనేవాళ్లకు ఒక మాట. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మడం 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం నేరం. ‘నెల పిల్ల సార్, చేతికి బాగా అలవాటవుతుంది’ అని ఎవరైనా అట్టపెట్టెలో చూపిస్తే తిరిగొచ్చేయండి. తల్లి పాలు మానకముందే విడదీసిన ఆ పిల్లల్లో ఎన్నో పార్వో వైరస్‌తో వారం తిరక్కుండానే నెత్తుటి విరేచనాలతో చనిపోతాయి. మొదటి శోకం పిల్లల గుండెల్లో ఎంతకాలం ఉండిపోతుందో ఆ అమ్మేవాడికి పట్టదు.

ఇక తీర్పు అడిగితే, ఇవాళ ఈ ప్రశ్న అడుగుతున్న నగరపు ఇళ్లలో ఎక్కువ వాటికి నా ఓటు పిల్లికే. గొప్పదని కాదు, మనం ఇవ్వగలిగినంతలో సుఖంగా బతికేది అదే కాబట్టి. పగలు ఇంట్లో మనిషి, రోజూ రెండుపూటలా చెరో అరగంట నడిపించే ఓపిక, పదేళ్ల పాటు ఊరు మారని బతుకు ఉన్నవాళ్లు నిస్సందేహంగా కుక్కను తెచ్చుకోవచ్చు, దేశీ కుక్కను. ఈ మూడింటిలో ఏదీ లేకపోయినా హస్కీ కావాలని మీ అబ్బాయి పట్టుబడితే, నెల రోజుల పాటు రోజూ పొద్దున అయిదున్నరకు లేచి, ఖాళీ గొలుసు పట్టుకుని అరగంట నడిచి రమ్మనండి. నెల తర్వాత మాట్లాడదాం అనండి. చివరికి ఏది తెచ్చుకున్నా ఆ వారంలోనే దగ్గర్లోని పశువైద్యశాలకు తీసుకెళ్లి టీకాల కార్డు రాయించండి, ఆపరేషన్ ఎప్పుడు చేయించాలో డాక్టరుతో తారీకు వేయించుకోండి. ఆడ పిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కడుతుంది. ఆలస్యం చేయకండి.